పప్పు ఉడకని నీళ్ళు

ముప్పై నాలుగేళ్ళు నేను చేసిన ఉద్యోగం నురుగు చూడటం. బంగారు గనుల్లో పనిచేశానంటే జనం కళ్ళు పెద్దవి చేసుకుని "అయితే బంగారం బాగా చూసుంటారే" అంటారు. చూడలేదు. నేను పనిచేసిన రాళ్ళలో బంగారం కంటికి కనపడేది కాదు. ఇనుము, గంధకం కలిసిన ఇంకో ఖనిజం రేణువుల లోపల దాక్కుని ఉండేది. ఆ రాయిని పిండి చేసి, నీళ్ళలో కలిపి, మందులు పోసి, అడుగు నుంచి గాలి ఊదితే బుడగలు లేస్తాయి. మందు సరిగ్గా పడితే బంగారం ఉన్న రేణువులు బుడగలకు అంటుకుని పైకి తేలతాయి. ఉత్త రాతిపిండి కిందనే ఉండిపోతుంది. తేలిన నురుగును గీరి తీసుకుంటాం. దీన్నే ఫ్లోటేషన్ అంటారు. మా ఆవిడకు పెళ్ళయిన కొత్తలో ఇదంతా చెబితే "బట్టలుతికితే మురికి తేలినట్టా?" అంది. ఇంచుమించు అంతే.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. ఏ మందుతో ఏ మందు కలిపితే బంగారం ఎక్కువ తేలుతుందని అడుగుతారు. తెలిసింది చెబుతాను. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ రోజంతా మనసు బాగుండదు. అది ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి రాయను. నాకు రావలసిన దానికంటే ఎక్కువే వచ్చాయి.

డ్రమ్ము కడిగిన రోజు

మొదటి ఉద్యోగం కర్ణాటకలో ఒక పాత గనిలో. అక్కడ మా చీఫ్ ఒక తమిళాయన. నోరు మంచిది కాదు గానీ పని నేర్పడంలో ఆయనకు సాటి లేరు.

చేరిన రెండో నెలలో, డ్యూటీ త్వరగా ముగించుకుందామని మైలతుత్తాన్నీ జాంథేట్‌నూ ఒకే డ్రమ్ములో కలిపేశాను. మైలతుత్తం అంటే రైతులు తోటలకు కొట్టే నీలిరంగు మందే. అది రేణువు ఒంటిని సిద్ధం చేస్తుంది. జాంథేట్ ఆ సిద్ధమైన ఒంటిని పట్టుకుని బుడగకు అంటగడుతుంది. రెండూ కలవాల్సింది రేణువు మీద. డ్రమ్ములోనే కలిశాయంటే వాటిలో అవి కొట్టుకు చస్తాయి. పది నిమిషాల్లో డ్రమ్ము నిండా పచ్చటి ముద్ద, ముక్కు బద్దలయ్యే కంపు. చీఫ్ వచ్చి చూశారు. తిట్టలేదు. నా చేతికి పార ఇచ్చి, కుర్చీ తెప్పించుకుని ఎదురుగా కూర్చున్నారు. డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా లేవలేదు.

"ఇక వాసన మర్చిపోవు," అన్నారు. నలభై ఏళ్ళయింది, మర్చిపోలేదు.

రెండు మందుల జోడీ సంగతి నాకు నేర్పింది కూడా ఆయనే. జాంథేట్ దూకుడు మనిషి. దొరికిందల్లా పట్టేస్తుంది, పనికిరానిది కూడా మోసుకొస్తుంది. ఇంకో రకం మందుంది, భాస్వరంతో చేసింది. అది నెమ్మదస్తురాలు, ఏరి ఏరి పట్టుకుంటుంది. ఏ ఒక్కదాన్నీ ఎంత పోసినా కొంత బంగారం కిందనే మిగిలిపోతుంది. రెండూ కొంచెం కొంచెం కలిపి వాడితే మొత్తం మందు తగ్గుతుంది, నురుగు బరువెక్కుతుంది. ఎందుకలా అని అడిగితే చీఫ్ "రేణువులన్నీ ఒక్క తీరుగా ఉండవు గనక" అనేవారు. తర్వాత చదివిన లావు పుస్తకాల్లో కూడా ఇంతకు మించి నాకు అర్థమైంది లేదు.

ఆయన ఇంకొకటి కూడా చెప్పారు. ల్యాబ్‌లో ఏ పరీక్ష చేసినా ప్లాంటులో వాడబోయే నీళ్ళతోనే చెయ్యాలని. ఈ మాట నేను కనీసం యాభైమంది జూనియర్లకు చెప్పి ఉంటాను. చెప్పడం సులభమే.

రెండు క్యాన్లు

తర్వాతి కాలమంతా ఒక ప్రైవేటు కంపెనీలో, హైదరాబాద్ ల్యాబ్‌లో గడిచింది. రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్ళుందనగా మా కంపెనీ పుల్లలచెరువు అవతల, అడవి అంచున ఒక గుట్టను లీజుకు తీసుకుంది. ముందు ఒక చిన్న ప్లాంటు పెట్టి నడిపి చూడాలి. బాగుంటే పెద్దది కట్టాలి. ఆ పని నాకు ఇచ్చారు.

నాది త్రిపురాంతకం దగ్గర పల్లె. జొన్నలు, కందులు, ఆకాశం వైపు చూడటం, అదీ మా వ్యవసాయం. ఊళ్ళన్నీ తిరిగి చివరికి మా దిక్కులోనే బంగారం తీయబోతున్నానంటే ఆ గర్వం ఇంతా అంతా కాదు. మార్కాపురంలో బస్సు దిగి నడుస్తుంటే పలకలు మోసే లారీలు కూడా నన్ను చూసి పక్కకు తప్పుకుంటున్నాయనిపించింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు పది బస్తాల రాయి లారీలో పంపించి, అక్కడ వేసిన బోరు నీళ్ళు రెండు క్యాన్లు నింపించుకున్నాను. రాత్రి రైలుకు హైదరాబాద్ వెళ్ళాలి. లాడ్జిలో తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అద్దంలో చూసుకున్నాను. చెరో చేతిలో నీళ్ళ క్యాన్‌తో ప్లాట్‌ఫారం మీద నిలబడితే నీళ్ళమ్మేవాడిలా ఉంటాననిపించింది. తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తే? క్యాన్లు లాడ్జి వెనక వరండాలో వదిలేసి, మొక్కలకు పోసుకోమని గుమాస్తాకు చెప్పాను.

ల్యాబ్‌లో డిస్టిల్డ్ వాటర్‌తో పరీక్షలు చేశాను. నా మందుల జోడీ అద్భుతంగా పనిచేసింది. నురుగు నల్లగా, చిక్కగా, పైన ఇత్తడి మెరుపుతో వచ్చింది. రిపోర్టు ఫారంలో ఒక గడి ఉంటుంది, పరీక్షకు వాడిన నీళ్ళేవి అని. "సైటు నీళ్ళు" అని రాసి సంతకం పెట్టాను. ఎప్పుడూ రాసేది అదే గనక చెయ్యి దానంతటది రాసేసింది అని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. తెలిసే రాశాను.

దేవదానం

ప్లాంటు మొదలైంది. నురుగు తొట్ల దగ్గర ఆపరేటరుగా దేవదానం అని ఒకాయన ఉండేవాడు. పక్క పల్లె, క్రైస్తవుల పేట. నలభై దాటినవాడు, చదువు ఏడో తరగతి. అతని భార్య కరుణమ్మ మా మెస్‌లో వంట చేసేది. అంతకుముందు మొగుడూపెళ్ళాలిద్దరూ ప్రతి ఏడూ గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వెళ్ళేవాళ్ళు. ఆ పేటలో ఏడాదిలో మూడు నాలుగు నెలలు తలుపులకు తాళాలే.

మొదట సార్ అనేవాడు. నాది త్రిపురాంతకం దిక్కని తెలిశాక అన్నా అనడం మొదలుపెట్టాడు. ఒకరోజు తొట్టి గట్టు మీద కూర్చుని అడిగాడు.

"అన్నా, ఈ ప్లాంటు నిలబడతదా?"

"ఎందుకడుగుతున్నావ్?"

"ఏం లేదు. కరుణమ్మ గుడిసె తీసేసి రేకులెయ్యమంటాంది. ఇది నిలబడేదుంటే ఏస్తా. లేకపోతే తాళం ఏసి పొయ్యే ఇంటికి రేకులెందుకు?"

నిలబడుతుంది, వేసుకో అన్నాను. ల్యాబ్ నురుగు నా కళ్ళల్లోనే ఉంది. అతను రేకులు వేశాడు.

ప్లాంటులో మాత్రం నురుగు తెల్లగా, తేలిగ్గా, సబ్బు నురగలాగా వచ్చేది. పట్టి పరీక్షకు పంపితే అందులో ఏమీ లేదు. బంగారమంతా వ్యర్థంతో పాటు కాలవలోకి పోతోంది. నేను జాంథేట్ పెంచాను. రెండో మందు పెంచాను. ఒకటి తగ్గించి ఇంకొకటి పెంచాను. మూడో మందు తెప్పించాను. మైలతుత్తం రెట్టింపు చేశాను. నోట్‌బుక్కు నిండిపోయింది, ఇంకోటి కొన్నాను. అన్ని జోడీలు కలిపాను గానీ నురుగు నల్లబడలేదు.

దేవదానం రెండుసార్లు నాకు జవాబు చెప్పాడు. మొదటిసారి మందు కలిపే డ్రమ్ము దగ్గరికి పిలిచాడు.

"అన్నా, మైలతుత్తం ఈ నీళ్ళల్లో ఎయ్యంగానే పాలిరిగినట్టు ఇరిగిపోతాంది. అడుగున సున్నం మాదిరి పేరుకుంటాంది. ఇట్లనే ఉంటదా?"

మైలతుత్తంలో మడ్డి ఉంటుందిలే, సరుకు నాసిరకం అన్నాను. సరఫరా చేసినవాడికి ఘాటుగా ఒక మెయిల్ కూడా రాశాను. పాపం వాడు ఇంకో లోడు పంపించాడు.

రెండోసారి, బోరు మోటారు కాలిపోయినప్పుడు. రెండు రోజులు క్వారీ గుంటలో నిలిచిన వాననీళ్ళు తోడి ప్లాంటు నడిపారు. నేను ఆ రెండు రోజులూ మార్కాపురంలో మోటారు బాగు చేయించే పనిలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి దేవదానం గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"అన్నా, నువ్వు లేని రెండు దినాలు నురుగు బరువెక్కినాది. నల్లగ వచ్చినాది. బోరు నీళ్ళు ఇడవంగానే మళ్ళ తెల్లగైపోయినాది."

"ఆ రెండు రోజులు మంచి రాయి పడి ఉంటుంది."

"రాయి అదే కుప్పలోది అన్నా."

"కుప్పలో ఒకచోట ఒకలా ఉంటుంది దేవదానం. నీకు తెలియదు."

అతను తొట్ల వైపు వెళ్ళిపోయాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మా పెరట్లో అంత చెట్టు నిలబడి ఉంటే నేను మందుల కోసం బొంబాయి దాకా ఫోన్లు చేశాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా నా మీద నాకు అసహ్యంగానే ఉంది.

హైదరాబాద్ నుంచి మా మేనేజరు రోజూ ఫోన్ చేసేవాడు. చెడ్డవాడు కాదు, పైవాళ్ళకు జవాబు చెప్పలేక నలిగిపోతున్నవాడు. చివరికి ఏదో ఒకటి తేల్చి రాయమన్నాడు. రాశాను. ఈ రాయిలో బంగారం మరీ సన్నగా ఉంది, ఫ్లోటేషన్‌కు లొంగదు అని నాలుగు పేజీలు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు రాయి ఓడన్నాను. ఆ నాలుగు పేజీల్లో నీళ్ళు అన్న మాట లేదు.

కరుణమ్మ పప్పు

రిపోర్టు వెళ్ళిన వారానికి ప్లాంటు ఆపెయ్యమని ఆర్డరు వచ్చింది. సామాను లెక్క రాసుకోవడానికి నేనింకా అక్కడే ఉన్నాను. అప్పటిదాకా నా భోజనం వేరే. నా గదికే పంపేవాళ్ళు. ఆఖరు రోజుల్లో ఎవరిమీదా అధికారం చూపించబుద్ధి కాక పనివాళ్ళ వరసలో కూర్చున్నాను.

పప్పు నోట్లో పెట్టుకుంటే నా గదికి వచ్చే పప్పు కాదు. అక్కడక్కడా బద్దలు, చివర సోడా చేదు.

"పప్పులో సోడా ఉప్పు వేశావా కరుణమ్మా?" అన్నాను.

"ఎయ్యకుంటే ఎట్ల ఉడుకుతది సార్? బోరు నీళ్ళు గదా. మీకైతే టౌను నీళ్ళ క్యానుతో వండుతాను. ఇంతమందికి క్యాన్లు యాడ తెచ్చేది?"

చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

మా దిక్కులో నీళ్ళు రెండు రకాలు. పప్పు ఉడికే నీళ్ళు, పప్పు ఉడకని నీళ్ళు. పిల్లనివ్వబోయే ఊరి గురించి మొదట అడిగేది కూడా అదే, అక్కడి నీళ్ళకు పప్పు ఉడుకుతుందా అని. మా అమ్మ తాగడానికి, స్నానాలకు ఇంటి దగ్గరి బావి నీళ్ళే వాడేది గానీ, పప్పుకు మాత్రం మైలు దూరం నడిచి వాగులో చెలమ తవ్వి ఒక చిన్న కుండెడు నీళ్ళు తెచ్చేది. ఆ కుండ ముట్టుకుంటే చేతి మీద కొట్టేది. బోరు నీళ్ళలో సున్నం లవణాలు పప్పును ఉడకనివ్వవని, అవే లవణాలు ఖనిజం ఒంటికి పట్టి మందును అంటనివ్వవని, మైలతుత్తాన్ని విరగ్గొట్టి అడుగుకు దించుతాయని నేను పాఠాలు చెప్పినవాణ్ణి. ఆ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి కూడా. వేరే ఊరివాడెవడైనా ఈ తప్పు చేస్తే తెలియక చేశాడనుకోవచ్చు.

తేట నీళ్ళు

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు పరుగెత్తాను. దేవదానం, నేను రెండు పెద్ద డ్రమ్ముల నిండా బోరు నీళ్ళు పట్టి, బట్టలుతికే సోడా కలిపి, తెల్లమడ్డి అడుగుకు దిగేదాకా ఆగి, పైతేట తీసుకున్నాం. మైలతుత్తానికి మాత్రం నా తాగే నీళ్ళ క్యాన్ వాడాం. చిన్న తొట్టి ఒక్కటే నడిపాం. ముందు మైలతుత్తం, కాసేపు ఆగి రెండు మందుల జోడీ, చివర బుడగలు పగలకుండా నిలబెట్టే నురుగు నూనె. నేను ల్యాబ్‌లో మొదటిరోజు కలిపిన పాళ్ళే.

నురుగు నల్లగా వచ్చింది. చిక్కగా, గరిటెతో తీస్తే జారనంత బరువుగా, ఎండకు ఇత్తడి మెరుపుతో. ముప్పై నాలుగేళ్ళలో అంత మంచి నురుగు నేను రెండు మూడుసార్లు చూసి ఉంటాను. దేవదానం దాన్ని వేళ్ళ మధ్య రుద్ది చూశాడు.

"రాయి మంచిదేనే అన్నా."

"మంచిదే."

"అయితే రాయి అన్నా. పైవాళ్ళకు రాయి. నీళ్ళు తేర్చుకుంటే చాలని రాయి."

మేనేజరుకు ఫోన్ చేశాను. అంతా విన్నాడు.

"సార్, మీ మొదటి టెస్టులు సైటు నీళ్ళతోనే చేశారని ఫారంలో మీ సంతకం ఉంది. ఇప్పుడు నీళ్ళదే తప్పని రాస్తే, అప్పుడు పప్పులో కాలేశారనుకోరు, అబద్ధం రాశారంటారు. రిటైర్మెంటు ముందు మీకెందుకిది? లీజు వదిలెయ్యడం దాదాపు ఖాయమైంది. అయినా రాస్తానంటే రాయండి. పైకి పంపుతాను."

దాదాపు అన్నాడు. పంపుతాననీ అన్నాడు. ఆ రెండు మాటలూ నేను సరిగ్గానే విన్నాను.

రాయడానికి కూర్చున్నాను. ఒక పేజీ చాలు. కానీ మొదటి వాక్యంలోనే ఆ క్యాన్ల సంగతి రాయాలి. అది రాయకుండా మిగతాది నిలబడదు. రెండు రోజులు ఖాళీ కాగితం ముందు కూర్చుని, మూడో రోజు పెట్టె సర్దుకున్నాను. రాసినా వాళ్ళు వినేవాళ్ళు కాదేమో. వినేవాళ్ళేమో. ఆ సంగతి ఇక ఎవరికీ తెలిసే దారి లేదు.

బయలుదేరేటప్పుడు దేవదానం జీపు దాకా వచ్చాడు.

"రాసినావా అన్నా?"

"రాశాను. చూద్దాం ఏమంటారో."

నెల తర్వాత అతనే ఫోన్ చేశాడు. వాళ్ళు ఒప్పుకోలేదు దేవదానం, నేను చాలా చెప్పి చూశాను అన్నాను. అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ మాట నాకే తెలియదు. "పోనీలే అన్నా, నువ్వైతే చేసినావు గదా" అని నన్నే ఓదార్చాడు.

మార్కాపురం బస్టాండు

రిటైరయ్యాక మార్కాపురంలోనే ఇల్లు తీసుకున్నాను. పిల్లలూ, మీరు మందుల గురించి అడుగుతారు. మందులు నేర్చుకోవడం కష్టం కాదు. రెండేళ్ళలో వస్తుంది. తప్పు చేశానని ఒక పేజీ రాయడం నాకు ముప్పై నాలుగేళ్ళలో రాలేదు. మీరు నాకంటే మంచివాళ్ళవుతారని కూడా నాకు పెద్ద నమ్మకం లేదు. ఇస్త్రీ చొక్కాలు మీకూ ఉంటాయి.

పోయిన వేసవిలో బస్టాండులో కరుణమ్మ కనిపించింది. నేను గుర్తుపట్టలేదు, ఆమే వచ్చి పలకరించింది. జుట్టు పూర్తిగా నెరిసింది. మళ్ళీ మిరప కోతలకు పోయి వస్తోందట, చేతివేళ్ళు ఎర్రగా పగిలి ఉన్నాయి.

"దేవదానం ఎలా ఉన్నాడు?"

"మీకు తెలవదా సార్? రెండేళ్ళాయె. హైదరాబాదులో బిల్డింగు పనికి పోయినాడు. సారవ కట్టెల మీంచి పడి పాణం పోయినాది."

ఇంటికి తాళం వేసి ఎన్నాళ్ళయిందో అడగబోయి మానుకున్నాను.

"ఎప్పుడూ మీ మాటే చెప్తా ఉండె సార్," అంది ఆమె. "చర్చిలో కూడా చెప్పినాడు. అందరు పెద్దోళ్ళు ఒకటే గాదు, మా ప్లాంటు సారు మన కోసం పైవాళ్ళతో కొట్లాడి కాగితం రాసినాడు, వాళ్ళే ఇనలేదు అని. రాసినారు గదా సార్ మీరు?"

ఆమె నన్ను పరీక్షించడానికి అడగలేదు. పోయిన మనిషి మాట నిజమేనని ఇంకొకరి నోట వినాలని అడిగింది. ఇప్పుడైనా చెప్పొచ్చు, ఇంక పోయేదేముంది అనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

"రాశానమ్మా," అన్నాను.

ఆమె చేతులు జోడించి దండం పెట్టింది. పుల్లలచెరువు బస్సు వస్తే సంచి ఎత్తుకుని ఎక్కింది. ఆ నీళ్ళ సంగతి నేను కాగితం మీద పెట్టడం ఇదే మొదటిసారి.